పోయిన ఆదివారపు లైవ్

మా ఇంట్లో నాకు చెప్పని సంగతులు చాలా ఉంటాయి. చెప్తే భయపడతానని చెప్పరు. మా ఆయన బండి మీంచి పడి మోకాలు చీరుకుపోతే, నాకు కనపడకూడదని మూడు రోజులు పొడుగు ప్యాంటుతోనే పడుకున్నారు. మా అమ్మాయి కాలేజీలో కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత, అదీ ఇంకెవరో నోరు జారితే తెలిసింది. నేను పిరికిదాన్నని మా అత్తయ్య చుట్టాలందరికీ చెప్పుకుంటారు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాన్లో అదీ ఒకటైనట్టు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. ఫోను మోగితే ముందు గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ తర్వాత ఫోను తీసే రకం నేను.

కాబట్టి ఆ శనివారం జరిగినదాంట్లో సగం తప్పు నా భయానిది. మిగతా సగం నా భయానికి భయపడి నోరు మూసుకున్నవాళ్ళది. టీవీకి కూడా కొంత వాటా ఉంది, కానీ దాన్ని ఎవరు అడుగుతారు?

మాది తెనాలి. నేను సంగం జాగర్లమూడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్తాను. మా ఆయన రేపల్లెలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. పొద్దున రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వస్తారు. మాకు ఒక్కతే అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం. నాలుగో మనిషి మా అత్తయ్య. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి చర్చి మెట్లు ఎక్కలేకపోయాక, మా లోకల్ ఛానల్లో ఆదివారం పదింటికి వచ్చే ఆరాధనే ఆవిడ చర్చి. తెల్లచీర కట్టుకుని, ముసుగేసుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. పాట మొదలైతే కుర్చీ పట్టుకుని లేచి నిలబడతారు. మనం మధ్యలో అడ్డొస్తే కళ్ళతోనే కాల్చేస్తారు.

ఈ మధ్యే కేబుల్ తీయించేసి ఇంటర్నెట్ టీవీ పెట్టించాం. టీవీ పక్కన చిన్న నల్ల డబ్బా, చేతికి కొత్త రిమోటు. దాని గొప్పతనమంతా వెనక్కి వెళ్ళడంలో ఉందని మా అమ్మాయి వాళ్ళ నానమ్మకి నేర్పించింది. నిన్న వచ్చిన సీరియల్ ఇవాళ చూడొచ్చు, మొన్న వచ్చిన వంట ఇవాళ రాసుకోవచ్చు. దీన్ని క్యాచప్ అంటారు నానమ్మా అంది.

"కెచప్పంటే సమోసాలోకి నంజుకునే సాసు కదే?" అన్నారు అత్తయ్య.

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు సాసు. నిన్నటి సీరియల్ సాసులో పెట్టవే, ఆ వంట సాసులో దొరుకుతుందేమో చూడవే. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి నాలుగు రోజుల్లో ఆ రిమోటుని సొంతం చేసేసుకున్నారు. నేను మాత్రం దాని జోలికి పోలేదు. టీవీ అంటే ఇప్పుడు వస్తున్నది, పోయింది పోయినట్టే అనుకునేదాన్ని.

ఆ శనివారానికి ముందొచ్చిన ఆదివారం మేమంతా రేపల్లెలో ఉన్నాం. మా ఆడపడుచు కొత్తింటి ప్రార్థన. పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాం. ఊహ తెలిశాక ఒక్క ఆదివారం కూడా ఆరాధన తప్పలేదని చెప్పుకునే అత్తయ్యకి ఆ రోజు తప్పిపోయింది. మర్నాడు నాకు జ్వరం పట్టుకుంది. వారమంతా స్కూలుకి సెలవు పెట్టి మంచం మీదే ఉన్నాను. ఎవరూ రాలేదు, నేనెక్కడికీ పోలేదు. పేపరు అడిగితే మా ఆయన "కళ్ళు మండుతాయి, పడుకో" అన్నారు. ఎంత ప్రేమో అనుకున్నాను.

జ్వరం తగ్గిన శుక్రవారం మా అమ్మాయి మెల్లగా చెప్పింది, చర్చి యూత్ వాళ్ళంతా కలిసి శనివారం సూర్యలంక వెళ్తున్నారని. పొద్దున వ్యాన్లో వెళ్ళి, అక్కడే పాటలు, వాక్య ప్రసంగం, భోజనాలు చూసుకుని సాయంత్రానికి వచ్చేస్తారట. పాస్టరుగారు, ఆయన భార్య అమ్మగారు కూడా వెంట వస్తున్నారట.

"పాటలు పాడ్డానికి సముద్రం దాకా ఎందుకు? దేవుడు తెనాలిలో లేడా?" అన్నాను.

అది నవ్వింది. మా ఆయన కూడా దాని వైపే మాట్లాడారు. ఇద్దరూ ముందే అనుకుని వచ్చారని నాకు అర్థమై, ఇంకా మండింది. రాత్రంతా సణుగుతూనే ఉన్నాను. తెల్లారి ఆరింటికి అది గది గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానమ్మా" అంటే, గోడ వైపు తిరిగి పడుకున్నదాన్ని ఇటు తిరగలేదు. "ఊ" అన్నాను, అంతే.

ఆ రోజు రెండో శనివారం, నాకెలాగూ సెలవు. మా ఆయనకి పరీక్షల డ్యూటీ ఉందని రేపల్లె వెళ్ళిపోయారు. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు ఫోన్లు ఆఫీసులో పెట్టేయాలి. పదింటికి అత్తయ్య తెల్లచీర కట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. వారం నుంచి నన్నూ నా జ్వరాన్నీ చూసుకోవడంలో ఆవిడకి తీరిక దొరకలేదు, తప్పిపోయిన ఆరాధన ఆ పూట సాసులో పెట్టుకున్నారు. ఎప్పుడో అప్పుడు చూస్తే ఆరాధన కాదట, సరిగ్గా పదింటికే మొదలుపెట్టాలట. నేను వారం రోజుల బట్టలు ఉతికి ఆరేయడానికి డాబా మీదకి వెళ్ళాను. జ్వరం పడ్డ ఒళ్ళు కదా, ఒక్కో దుప్పటి పిండి ఒక్కోసారి కూర్చుని, గంట పైనే పట్టింది.

కిందకి దిగేసరికి అత్తయ్య కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. ముసుగు జారిపోయింది. టీవీలో సముద్రం కనపడుతోంది.

ముందు ఊరికే చూశాను. తర్వాత కింద పరిగెడుతున్న అక్షరాలు చదివాను. సూర్యలంక తీరంలో విషాదం. విహారానికి వచ్చిన విద్యార్థులు ఐదుగురు గల్లంతు. తెర మీద పైన మూలగా ఎర్రటి గడిలో తెల్లటి అక్షరాలు, లైవ్. దాని పక్కన టైము, పదకొండుంబావు. తల తిప్పి గోడ గడియారం చూశాను. దాంట్లో కూడా పదకొండుంబావు.

ఇసకలో నిలబడ్డ విలేకరి అమ్మాయి జుట్టు గాలికి మొహాన పడుతుంటే తోసుకుంటూ చెప్తోంది. పొద్దున స్నానానికి దిగారు, పేర్లు ఇంకా తెలియలేదు, వీళ్ళలో అమ్మాయిలు కూడా ఉన్నట్టు సమాచారం. అంతలో ఫోన్లో తీసిన చిన్న వీడియో వేశారు. దిగేముందు తోటివాళ్ళు తీసిందట. మోకాళ్ళ లోతు నీళ్ళలో కొందరు పిల్లలు, అందరికంటే ముందు ఆకుపచ్చ బనీను వేసుకున్న అబ్బాయి. ఫోనుతో తీస్తున్నవాళ్ళ మీదకి నీళ్ళు చిమ్ముతూ, నవ్వుతూ ఏదో అంటున్నాడు. అమ్మాయిలు ఎవరూ కనపడలేదు. కనపడకపోవడమే నన్ను చంపేసింది.

నేను అరిచిన అరుపుకి అత్తయ్య ఉలిక్కిపడి లేచారు. "వాక్యం అయిపోయిందా?" అన్నారు. నేను టీవీ వైపు చెయ్యి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదువుకుని, బైబిలు గుండెకి ఆనించుకుని కూలబడ్డారు. ఆరాధన చూస్తున్న మనిషికి ఇది కూడా సాసేనని తోచలేదా అని తర్వాత అడిగాను. ఆవిడ లెక్క వేరు. ఆవిడ పెట్టుకున్న ఆరాధన అయిపోయింది కాబట్టి టీవీ దానంతటదే మామూలు టీవీ అయిపోయిందనుకున్నారు. పైగా లైవ్ అని రాసి ఉందాయె.

అమ్మాయికి ఫోన్ చేశాను, స్విచాఫ్. పాస్టరుగారికి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మా ఆయనకి చేశాను, ఎత్తలేదు, ఎత్తరని తెలుసు. మళ్ళీ అమ్మాయికి చేశాను. ఆ రికార్డు చేసిన గొంతు ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా మాట్లాడుతుందో అప్పుడు విన్నాను. వీధి చివర ఆటో నడిపే అన్నయ్య భోజనానికి ఇంటికొస్తుంటే ఆపాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు. "సూర్యలంక, అన్నయ్యా, సూర్యలంక" అంటున్నానే గానీ ఇంకో మాట రాలేదు. ఆయన నా మొహం చూసి ఏమీ అడక్కుండా ఆటో తిప్పేశాడు.

తెనాలి నుంచి బాపట్ల మీదుగా సముద్రం దాకా, ఆటోలో, రెండు గంటల దారి. ఆ రెండు గంటలు నేను ఒకే ఒక్క సంగతి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. అది ఏ రంగు బట్టలు వేసుకుంది? గుర్తు రాలేదు. ఎలా వస్తుంది, నేను చూడందే! గోడ చూస్తూ పడుకున్నాను కదా. అక్కడ ఎవరైనా "మీ అమ్మాయి ఏం వేసుకుందమ్మా?" అని అడిగితే నేనేం చెప్పాలి? పసుపు చున్నీ అయి ఉంటుందా? ఆ నీలం చుడీదారు ఇస్త్రీకి ఇచ్చిందా, తెచ్చుకుందా? తల్లినై ఉండి ఒక్క రంగు చెప్పలేనా? పొన్నూరు ఎప్పుడు దాటామో నాకు తెలియదు. ఆటో అన్నయ్య అద్దంలోంచి నన్ను చూస్తూ "ఏం కాదమ్మా, ఏం కాదు" అంటూనే ఉన్నాడు.

ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. బేరం మాత్రం వచ్చింది. దాన్ని నాకిచ్చేయ్ ప్రభువా, ఇంక జన్మలో సణగను, ఎక్కడికంటే అక్కడికి పంపిస్తాను. ఇంకా నీచమైన బేరం కూడా చేశాను. ఆ ఐదుగురిలో నా పిల్ల లేకుండా చూడు. అంటే ఇంకెవరి పిల్లలైనా పరవాలేదనేగా? ఆ మాట నా నోటితో నేనే అన్నాను, ఆటోలో కూర్చుని, చేతులు జోడించుకుని.

బాపట్లలో గేటు పడింది. రైలు ఎంతకీ రాదు. పక్కన సోడాబండి దగ్గర ఉన్న పెద్దాయన్ని ఆటో అన్నయ్య అడిగాడు.

"బాబాయ్, సూర్యలంకలో పిల్లలు మునిగిపోయారంట, నిజమేనా?"

"అవునయ్యా, నిజమే. పాపం, చదువుకునే పిల్లలు. నాలుగు ప్రాణాలు తేలినయ్యి గానీ ఒక్కళ్ళు ఇంకా దొరకలేదు" అన్నాడాయన, సోడా కొడుతూ.

నేను ఆటో కమ్మీ పట్టుకుని ఉన్నాను, చేతులు తిమ్మిరెక్కిపోయాయి. నాలుగు ప్రాణాలు తేలాయంటే బతికి తేలినట్టా, శవాలై తేలినట్టా? ఎప్పుడు జరిగిందని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అబద్ధం చెప్పినవాళ్ళు ఆ రోజు దారి పొడుగునా ఒక్కళ్ళు కూడా లేరు.

బాపట్ల దాటాక సరుగుడు తోటలు, ఆ వెనక ఉప్పుగాలి. తీరం దగ్గర ఆటోలు, కార్లు, ఐస్‌క్రీం బళ్ళు. జనం వేయించిన చేపలు తింటున్నారు, ఫోటోలు దిగుతున్నారు. వీళ్ళు మనుషులేనా అనిపించింది. పొద్దునే పిల్లలు పోతే మధ్యాహ్నానికి తినడానికి నోరెలా వస్తోంది వీళ్ళకి? కాస్త ఆగి ఆలోచిస్తే అక్కడే తెలిసిపోవాలి. ఆగే స్థితిలో ఉంటేగా! ఇసకలో పరిగెత్తాను. పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తాను.

జనానికి కొంచెం ఎడంగా, ఒడ్డున బోర్లించిన పడవ నీడలో ఒకావిడ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. నా అరుపు విని లేచి, నాకెదురుగా గబగబా వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది. పెదాలు గాలికి పగిలిపోయి ఉన్నాయి. కొంగు నడుం చుట్టూ దోపుకుని ఉంది.

"ఎప్పుడమ్మా? ఎంతసేపైంది?" అంది.

"పొద్దున... మా అమ్మాయి... టీవీలో..."

"ఏడవకు. టైము పోతది. ఎంత లోతుకెళ్ళింది, ఎటుపక్క దిగింది చెప్పు" అంటూనే వెనక్కి తిరిగి కేకేసింది. "అన్నయ్యా! పడవ తియ్యండి! ఇంకో పిల్లంట!" మళ్ళీ నావైపు తిరిగింది. "ఇక్కడ చూడకు. నీళ్ళు ఇక్కడుంచవు. ముందు అటు లాగుతాయి, ఆ పాయ సముద్రంలో కలిసే మొగ వైపు. అటే వెతకాలి. పద, నేను చూపిస్తా."

ఆవిడకి అన్నీ తెలుసు. ఏ నీళ్ళు ఎటు లాగుతాయో, ఎన్ని గంటలకి ఎక్కడ వెతకాలో, ఎవరిని ఏమని పిలవాలో. ఇవన్నీ ఒక మామూలు ఆడమనిషికి ఎలా తెలుస్తాయో నాకప్పుడు తట్టలేదు. నా చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్తోంది, నేను వెళ్తున్నాను. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు లేచి పడవ దగ్గరికి పరిగెడుతున్నారు. నా జీవితంలో అంత భయం అంతకు ముందు లేదు.

"అమ్మా?"

వెనక్కి తిరిగాను. మా అమ్మాయి. చేతిలో మొక్కజొన్న పొత్తు. సల్వారు అంచు మాత్రం తడిసి ఉంది. ఆకాశం రంగు బట్టలు. అవి దానికి ఉన్నాయని కూడా నేను మర్చిపోయాను.

నేను ముందు కొట్టాను. తర్వాత పట్టుకున్నాను. పట్టుకుని మళ్ళీ వీపు మీద కొట్టాను. అది బిత్తరపోయి "ఏంటమ్మా? ఎవరికేమైంది? నానమ్మకేమైనా అయిందా?" అంటోంది. పాస్టరుగారు, యూత్ పిల్లలు అందరూ పోగయ్యారు. పిల్లల ఫోన్లన్నీ ఆపేసి సంచిలో వేసి అమ్మగారి దగ్గర పెట్టారట, వాక్యం మధ్యలో మోగకుండా. పాస్టరుగారిది సైలెంట్లో ఉందట.

"టీవీలో చూపించారు. ఐదుగురు పోయారని. ఇప్పుడే, లైవ్ అని ఉంది, నా కళ్ళతో చూశాను" అన్నాను.

దాని మొహం మారిపోయింది. "నానమ్మ ఆరాధన పెట్టుకుందా?" అంది. అవునన్నాను. అది తల పట్టుకుంది. "అమ్మా, అది పోయినాదివారంది. ఆరాధన తర్వాత వార్తలొస్తాయిగా, ఆ రోజు వార్తలవి. ఆ రోజు లైవ్ ఇచ్చారు, లైవ్ అన్న అక్షరాలతో, టైముతో సహా రికార్డయిపోయింది. ఎప్పుడు చూసినా లైవ్ అనే ఉంటుంది. ఏడు రోజులుంటుంది, రేపు మధ్యాహ్నానికి పోతుంది."

"నీకు ముందే తెలుసా?"

అది చేతిలోని పొత్తు గింజలు ఒలవడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నకి కూడా తెలుసన్నమాట. పేపరు చదివితే కళ్ళు మండేది ఎవరికో అప్పుడు అర్థమైంది. కానీ కోపం రాలేదు అప్పుడు. ఇసకలో కూర్చుండిపోయాను. ప్రాణం లేచొచ్చింది. పోయిన వారందా! అయితే నాది కాదు. నా పిల్ల కాదు. "దేవా, నీకు స్తోత్రం! స్తోత్రం తండ్రీ!" అని గట్టిగా, అందరికీ వినపడేలా, చేతులెత్తి అన్నాను.

అన్నాక చూశాను. పడవ దగ్గరికి పరిగెత్తిన ఇద్దరూ ఆగిపోయి మా వైపు కాదు, ఆవిడ వైపు చూస్తున్నారు. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది.

"నాలుగోవాడు దొరికిందాకా వెతికేవాళ్ళు అందరూ ఉన్నారు. ఇద్దరు బతికారు, ఇద్దరివి దొరికినయ్యి. ఈవిడ కొడుకే ఇంకా" అన్నాడు ఒకాయన మెల్లగా, పాస్టరుగారితో.

నాకు మొహం చెల్లలేదు. నేల చీలితే దిగిపోవాలనిపించింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా పక్కన ఇసకలో కూర్చుని మా అమ్మాయి మొహం చూస్తూ ఉంది.

"అమ్మాయ్, ఆ రోజుది ఇప్పుడు కూడా వస్తదా టీవీలో?" అంది.

"వస్తుందండి. రేపటిదాకా."

"దాంట్లో ఫోను వీడియో వేశారంట. పిల్లలు నీళ్ళలో ఆడుకునేది. అందరూ చూశామంటారు, నేను చూళ్ళేదు. ఆ తీసిన ఫోను పోలీసులు తీసుకెళ్ళారు. మా తమ్ముడి ఫోన్లో వెతికితే ఎవరెవరి పిల్లలో వస్తన్నారు." నా వైపు తిరిగింది. "మీరు చూశారుగా అక్కా. మా వాడు కనపడ్డాడా? ఆకుపచ్చ బనీను."

కనపడ్డాడని చెప్పడానికీ భయమే, కనపడలేదని చెప్పడానికీ భయమే.

"కనపడ్డాడండి. అందరికంటే ముందున్నాడు" అన్నాను.

"ఆ. ముందే ఉంటాడు" అంది ఆవిడ.

ఆ వీడియో పంపుతానని మా అమ్మాయే ఆవిడ తమ్ముడి నంబరు రాసుకుంది. యూత్ వ్యాన్ ఎక్కనివ్వకుండా దాన్ని నాతోపాటు ఆటోలో కూర్చోబెట్టుకున్నాను. తెనాలి దాకా దాని మణికట్టు వదల్లేదు. పొన్నూరు దగ్గర మా ఆయన ఫోన్ చేశారు, పరీక్ష అయిపోయిందట, ఇన్ని మిస్డ్ కాల్స్ ఏంటని. ఆయన్ని ఏమేం అన్నానో రాయను. ఆయన అన్నది మాత్రం ఒక్కటే. "చెప్తే పంపవని చెప్పలేదు." పంపేదాన్ని కాదు, నిజమే. చెప్పనందుకు ఈ రోజు నేను చచ్చి బతికాను, అదీ నిజమే. ఈ గొడవ మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇంటికి చేరేసరికి ఆరున్నర. అత్తయ్య మనవరాలి తల నిమిరి ఏడ్చి, ఆ తల్లి అడిగిన సంగతి విని, కాఫీ కూడా అడక్కుండా రిమోటు తెచ్చి చేతికిచ్చారు. టీవీలోంచి నేరుగా పంపే దారి లేదట. టీవీలో వస్తుంటే ఫోనుతో తెరనే తీయాలి. ఫోను నేను పట్టుకుంటానన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఆవిడ ముందు అన్న ఆ స్తోత్రానికి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది.

మొదటిసారి నొక్కినప్పుడు ఎక్కువ వెనక్కి వెళ్ళిపోయింది. ఆరాధన వచ్చింది. గాయకబృందం పాడుతోంది, పైన టైము పదీ ఇరవై. ఈ పాట పాడుతున్నప్పుడు ఐదుగురూ ఉన్నారో లేరో? ఇంకా వెనక్కి నొక్కితే? ఎనిమిదింటికి వెళ్తే? అప్పటికి ఇంకా టిఫిన్లు తింటుంటారు, ఎవరైనా ఒక్కళ్ళు ఫోన్ చేసి వద్దురా అని ఉంటే చాలు. ఇలా అనుకోవడం పిచ్చి అని తెలుసు. తెలిసి కూడా మా అమ్మాయితో "ఇంకొంచెం వెనక్కి వెళ్ళవే" అన్నాను. అది నా వైపు చూసింది గానీ వెళ్ళలేదు. ముందుకి జరిపి వీడియో దగ్గర ఆపింది.

పన్నెండు సెకన్లుంది అంతా కలిపి. పొద్దున నా పిల్ల అందులో ఉందేమోనని చూశాను కాబట్టి ఎవర్నీ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూశాను. పలచటి మనిషి. నీళ్ళు చిమ్ముతున్నాడు, చెయ్యి తుడుచుకోకుండానే జుట్టు పైకి తోసుకున్నాడు, ఫోను వైపు చూసి ఏదో అని నవ్వాడు. చెయ్యి కదిలిందని రెండోసారి తీశాం. మూడోసారి బాగా వచ్చింది. పంపాం. అవతల చూసినట్టు రెండు గీతలు నీలంగా మారాయి. జవాబు రాలేదు. ఆ రాత్రి ఫోను మోగుతుందేమోనని భయం, మోగలేదేమిటని భయం. తప్పు చేశామేమో అనుకున్నాను. కన్నతల్లికి అది పంపడం ఏం మంచి?

మర్నాడు చర్చి నుంచి వచ్చి అన్నం వడ్డిస్తుంటే మోగింది. ఆ నంబరే. మా అమ్మాయి తీయబోతే నేను లాక్కున్నాను.

"చూశానక్కా" అంది ఆవిడ. "రాత్రి నుంచి చూస్తానే ఉన్నా."

"ఆ" అన్నాను.

"మరి వాడి గొంతు లేదేంటక్కా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఆ వీడియో వేసినంతసేపూ ఆ విలేకరి అమ్మాయి మాట్లాడుతూనే ఉంది, వెనక ఏదో ఏడుపు సంగీతం కూడా పెట్టారు. పిల్లల మాటలు తీసేశారు. మూడుసార్లు తీశాం, ముగ్గురం చూశాం, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

"టీవీలోనే లేదండి. వాళ్ళు తీసేశారు" అన్నాను.

"అట్టాగా" అంది. "ఏదో అంటన్నాడుగా నవ్వుతా. ఏమంటన్నాడో మీకేమన్నా తెలిసిందా?"

అమ్మా అంటున్నాడండి అని నోటి దాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆవిడకి జీవితాంతం సరిపోతుంది. అనడానికి ధైర్యం చాలలేదు. రేపెప్పుడో పోలీసులు ఆ ఫోను తిరిగిస్తే, ఇంకేదో మాట బయటపడితే?

"తెలియలేదండి" అన్నాను.

"సర్లే అక్కా. వాడి పెదాలు నాకు తెలుసుగా. ఇంకో నాలుగుసార్లు చూస్తే అదే తెలుస్తది" అంది.

పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఇంకా ఇంటికి వెళ్ళలేదు, వెనక సముద్రం వినపడుతోంది.